అమ్మాయి పేరు మీద ఎనభై గంటలు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. వాళ్లలో ఎవరో ఒకరు, "ఆంటీ, మీరు కాలేజీలో ఏం చేసేవాళ్లు?" అని అడుగుతారు. "ఫారాలు వెనక్కి పంపేదాన్ని" అంటాను. అందరూ నవ్వుతారు. నేను హాస్యానికి అనను. పన్నెండేళ్లు నేను చేసిన పని అదే. బాగా చేస్తానని పేరు కూడా తెచ్చుకున్నాను. ఆ పేరు ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీలో ఎవరైనా రేపు ఒక బల్ల వెనక కూర్చుని, అవతల నిలబడ్డవాళ్ల కాగితాలు చూసే ఉద్యోగంలోకి వెళితే పనికొస్తుందేమో.

మాది అమెరికాలో క్యారీ అనే ఊరికి ఇరవై నిమిషాల దూరంలో ఒక చిన్న ప్రైవేటు కాలేజీ. నేను పనిచేసింది విద్యార్థుల ఆర్థిక సహాయం చూసే ఆఫీసులో. మా చేతిలో ఉన్న గ్రాంట్లలో ఒకటి ప్రత్యేకంగా స్టూడెంట్స్ ఆఫ్ కలర్ కోసం, అంటే తెల్లవాళ్లు కాని పిల్లల కోసం. ఎప్పుడో ఒక నల్లజాతి టీచరమ్మ చనిపోతూ తన ఇల్లూ వాకిలీ అమ్మించి పెట్టిన నిధి అది. దానికి ఆవిడ పెట్టిన షరతు ఒకటే. గ్రాంట్ అందుకున్న పిల్లలు ఏడాదిలో ఎనభై గంటలు కమ్యూనిటీ సర్వీస్ చేయాలి. చేస్తేనే మరుసటి ఏడాదికి రెన్యువల్.

ఆ గంటలు నిజమో కాదో చూడటం నా పని. ఫారంలో మూడు చూసేదాన్ని: సేవ చేయించుకున్న సంస్థ లెటర్‌హెడ్, బాధ్యుల సంతకం, ఫోన్ నంబర్. మూడూ ఉంటే స్టాంప్, ఏది లేకపోయినా వెనక్కి. నా పక్క బల్ల ఆయన ఇక్కడివాడే, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు డ్రాయర్‌లో దాచుకుని తినేవాడు. "నీ కళ్ల ముందు నుంచి దోమ కూడా దాటిపోదు" అని నన్ను మెచ్చుకునేవాడు. ఆ మెప్పు నాకు బాగానే ఎక్కింది.

మా డైరెక్టర్ పద్ధతి వేరు. అరవై దగ్గర పడుతున్న నల్లజాతి మనిషి, గదిలో ఉన్నంతసేపూ బూట్లు బల్ల కింద విప్పేసి కూర్చునేది. ఫైలు ఇస్తే ముందు ఫారం చూసేది కాదు. పిల్లలు తమ సేవ గురించి రాసిన రెండు పేజీల వ్యాసం చదివేది, అదీ తాపీగా. నాకు చిరాకేసేది. గంటలు సరిపోయాయా లేదా అన్నదానికి వ్యాసాలెందుకని నా గొణుగుడు.

ఇక ఒక అమ్మాయి సంగతి. శనివారాలు నేను ఒక గుడి వంటింట్లో పనిచేయడానికి వెళ్లేదాన్ని. గోడౌన్ లాంటి అద్దె బిల్డింగ్‌లో ఉండేది, ఇప్పుడు లేదు. అక్కడ నా పక్కన పీట వేసుకుని కూరలు తరిగే ఆవిడ గుంటూరు వైపు మనిషి. నాకన్నా పదేళ్లు చిన్న, నన్ను అక్కా అనేది. 2009లో అందరి ఇళ్లలోనూ లేఆఫ్ మాటే వినపడేది. వాళ్లాయనకి కూడా ఉద్యోగం పోయింది. కూతురు మా కాలేజీలోనే చేరబోతోంది. ఆ పిల్ల చదువు ఆగిపోతుందేమోనని ఆవిడ బెండకాయలు తరుగుతూ కళ్లు తుడుచుకుంటే నేనే గ్రాంట్ సంగతి చెప్పాను.

"కలర్ వాళ్లకా? మా అమ్మాయి మంచి కలరే కదక్కా, తెల్లగా ఉంటుంది. ఇస్తారంటావా?" అంది, పెళ్లిచూపుల్లో చెప్పినట్టు.

ఈ దేశంలో మనందరం ఒక్క రంగేనని నచ్చజెప్పేసరికి రెండు కిలోల బెండకాయలు అయిపోయాయి. అమ్మాయి అప్లై చేసింది, గ్రాంట్ వచ్చింది. ఆ శనివారం ఆవిడ నాకు ప్రత్యేకంగా బొబ్బట్లు చేసుకొచ్చింది.

ఏడాది తిరిగి రెన్యువల్ సమయం వచ్చింది. మార్కెట్ పడిపోయి నిధి కూడా చిక్కిపోవడంతో ఆ ఏడు గ్రాంట్‌లో ఒక సీటు తగ్గించారు. మిగతావన్నీ తేలిపోయాక ఒక్క సీటు మిగిలింది, నా బల్ల మీద రెండు ఫైళ్లు ఉన్నాయి.

మొదటిది మా గుంటూరు ఆవిడ కూతురిది. గుడి లెటర్‌హెడ్ మీద, 'వంటశాల సేవ, ఎనభై గంటలు' అని ఉంది. వాలంటీర్ల లెక్క చూసే పెద్దాయన సంతకం ఉంది. ఫోన్ నంబర్ కూడా ఉంది. కాగితం కడిగిన ముత్యంలా ఉంది. ఒక్కటే చిక్కు. ఆ ఏడాది ఏ శనివారమూ నేను గుడికి మానలేదు. ఆ అమ్మాయిని వంటింట్లో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ గంటలు చేసిన మనిషి నా పక్క పీట మీద కూర్చున్న వాళ్లమ్మ.

కోపం రావాలి కదా? రాలేదు. నాకు అది మోసంలా తోచనే లేదు, అదీ అసలు సంగతి. మా అబ్బాయి షికాగోలో నిద్రపోతుంటే పుట్టినరోజు నాడు వాడి పేరూ గోత్రమూ చెప్పి నేను అర్చన చేయించి, ప్రసాదం నేనే తినేదాన్ని. ఆ ఫలం వాడికి చేరిందనే నమ్మకం. పిల్ల చదువుకుంటోంది, మిగతా సమయంలో మందుల షాపులో పనిచేస్తోంది, పాపం తీరిక దొరకదు, తల్లి దాని పేరు మీద చేసింది, ఏముంది ఇందులో? పెద్దాయన కూడా అడిగినట్టు లేదు. ఆవిడ కూతురి పేరు చెబితే అదే రాసుకున్నాడు. స్టాంప్ వేశాను.

రెండో ఫైలు పక్క ఊరు డర్హమ్‌కి చెందిన ఒక నల్లజాతి అమ్మాయిది. అందులో ఫారం ఉంది గానీ లెటర్‌హెడ్ లేదు. చర్చిలో ఆదివారం పంచే కరపత్రం వెనకవైపు, వణికే చేతులతో పెట్టిన పదకొండు సంతకాలున్నాయి. తన పేటలో ఉన్న ముసలమ్మలని డయాలసిస్‌కి తీసుకెళ్లి తీసుకొస్తుందట. పిల్లని కౌంటర్ దగ్గరికి పిలిచి సంస్థ లెటర్‌హెడ్ కావాలన్నాను.

"వాళ్లకి లెటర్‌హెడ్ లేదు మేడం. వరండా ఉంది. అందరూ పొద్దున్నే అక్కడే కూర్చుని నా కోసం చూస్తుంటారు" అంది.

"రూల్ రూలేనమ్మా" అన్నాను. ఆ మాట నా నోట ఎంత కమ్మగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. కాగితం మడిచి చేతిలో పెట్టి పంపించాను. ఆ అమ్మాయి "థాంక్యూ మేడం" అనే వెళ్లింది. ఆ సీటు పోతే ఆమె చదువు ఎలా సాగుతుందన్నది నేను అడగలేదు.

మర్నాడు మా గుంటూరు ఆవిడ ఆఫీసుకి వచ్చింది. ఏదో ఒక ఆదాయం కాగితం ఇవ్వడానికని వచ్చింది గానీ అసలు పని పులిహోర డబ్బా ఇచ్చి వెళ్లడం. సరిగ్గా అప్పుడే డైరెక్టర్ తన గదిలోంచి వచ్చింది, చేతిలో ఆవిడ కూతురి వ్యాసంతో. ఆవిడ ఎవరో చెప్పాను.

"మీరు తల్లిగారా? మంచిది. వ్యాసంలో గుడి గురించి చాలా ఉంది, అమ్మాయి గురించి ఏమీ లేదు. అక్కడ ఏం పని చేస్తుంది?" అని అడిగింది నవ్వుతూ.

మా గుంటూరు ఆవిడకి నెమ్మదిగా మాట్లాడితే ఇంగ్లీషు అర్థమవుతుంది, తను మాట్లాడాలంటేనే తడబాటు. నా వైపు తిరిగి, మొహం వెలిగిపోతుండగా గడగడా చెప్పేసింది. "చెప్పక్కా ఆవిడకి. దానికి ఖాళీ ఎక్కడ? క్లాసులు, జాబ్. అందుకే ఎనభై గంటలూ నేనే చేశాను, దాని పేరు మీద. ఒక్క శనివారం కూడా మిస్ అవలేదని చెప్పు. నీకు తెలుసు కదా!"

డైరెక్టర్ నా వైపు చూసింది. "ఏమంటోంది?"

బల్ల మీద స్టాంప్ అలాగే ఉంది. గబగబా ఇంగ్లీషులో, "అమ్మాయికి క్లాసులు, ఉద్యోగం ఉన్నా ఒక్క శనివారం కూడా మానలేదట" అన్నాను.

"అబ్బ! అలాంటి పిల్లని పెంచినందుకు మీకు అభినందనలు" అని డైరెక్టర్ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ పొంగిపోయింది. నేను పులిహోర డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాను.

రెండు రోజుల తర్వాత అమ్మాయే వచ్చింది. మందుల షాపు చొక్కా వేసుకునే ఉంది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు మాట్లాడితే ముక్కలు ముక్కలుగా వస్తుంది.

"ఆంటీ, మమ్మీ ఇంట్లో చెప్పింది. తను చేసింది అని మీ బాస్‌కి చెప్పింది, బాస్ చాలా ప్రెయిజ్ చేసింది అని."

"అవునమ్మా."

"బట్ అది తెలిస్తే ప్రెయిజ్ చేయదు కదా. సో మీరు అది చెప్పలేదు. వేరే చెప్పారు. రైట్?"

ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. "నేను సైన్ చేశాను ఫారమ్. మమ్మీ పెట్టమంది, పెట్టాను. నాకు తెలుసు రాంగ్ అని. ఫారమ్ వెనక్కి ఇవ్వండి ఆంటీ, ప్లీజ్."

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది దీని తర్వాత నేను చేసినది. ఏళ్ల తరబడి జనం కాగితాలు వెనక్కి పంపిన నేను, తన కాగితం తనే వెనక్కి అడుగుతున్న పిల్లకి బుద్ధులు చెప్పాను. "ఊరుకో తల్లీ. స్టాంప్ పడిపోయింది. నాన్నకి ఇంకా జాబ్ రాలేదు కదా, ఇప్పుడు ఇది పోతే చదువు మానేస్తావా? వచ్చే ఏడాది నువ్వే చేద్దువుగానిలే. అమ్మ చేసినా నువ్వు చేసినా ఒక్కటే."

ఆ పిల్ల ముక్కు తుడుచుకుని నన్నే చూసింది. "ఒక్కటే అయితే, మీరు ఎందుకు వేరే చెప్పారు ఆంటీ?"

తల కొట్టేసినట్టయింది. వయసులో నా కొడుకు కన్నా చిన్నది. కుర్చీలోంచి లేచి, ఆ అమ్మాయిని అక్కడే కూర్చోబెట్టి, డైరెక్టర్ గదిలోకి వెళ్లాను. మొత్తం చెప్పాను. వంటింట్లో పిల్లని ఎన్నడూ చూడకపోవడం, తెలిసే స్టాంప్ వేయడం, మాట మార్చి చెప్పడం. చర్చి కాగితం అమ్మాయిని వెనక్కి పంపిన సంగతి కూడా. అర్చన గురించి కూడా చెప్పాను, నన్ను నేను కాపాడుకోవడానికి.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. బల్ల కింద కాళ్లతో బూట్లు వెతుక్కుని తొడుక్కుంది. అది చూసి నాకు భయమేసింది, ఎందుకంటే ఆవిడ బూట్లు వేసుకునేది పెద్ద మీటింగులకి మాత్రమే.

"ఈ గ్రాంట్ మొదట్లో అందుకున్న పిల్లల్లో నేనొకదాన్ని, నీకు తెలుసా?" అంది. నాకు తెలియదు. అన్నేళ్లు పక్క గదిలో ఉండి అడగలేదు. "నా ఎనభై గంటలు ఏం చేశానో చెప్పనా? మా వీధిలో చదవడం రాని ముసలివాళ్లకి ఉత్తరాలు చదివిపెట్టాను. మొదట్లో ఏడుపొచ్చేది. కాలేజీ పిల్లని, నాకిదేం ఖర్మ అని. ఆ టీచరమ్మకి మా పని అక్కర్లేదు. పుస్తకాలు పట్టుకుని ఊరు దాటిన పిల్ల మళ్లీ ఆ గడపలెక్కాలి, వాళ్ల మొహాలు చూడాలి, అంతే ఆవిడ కోరిక. నువ్వు చెప్పే పూజ నాకు అర్థమైంది. నేను ఎక్కడున్నా మా అమ్మ చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేసేది. ప్రార్థన అలా పంపించొచ్చు. కాళ్లు పంపించలేం."

లేచి నిలబడి, "పిల్ల తప్పు చిన్నది. నీది చిన్నది కాదు" అంది.

నా ఉద్యోగం ఫైలులో మందలిస్తూ ఒక కాగితం చేరింది. ఏడాదిపాటు ఆ గ్రాంట్ ఫైళ్లు ముట్టుకోవద్దంది. అంతకుముందు ఒక్క పని మాత్రం చేయమంది. నేను తిప్పి పంపిన ఆ చర్చి కాగితం మళ్లీ తెప్పించి, దాని మీది పదకొండు సంతకాలూ నేనే స్వయంగా వెళ్లి చూసి రావాలి. వెళ్లాను. పదకొండుమందీ వరండాలో ఉన్నారు. ఆ అమ్మాయి కారు హారన్ కొట్టదట, మెట్లెక్కి వచ్చి చేయిపట్టి దింపుతుందట. ఒకావిడ నా చేతికి ఐస్ టీ ఇచ్చి, "మా అమ్మాయికి ఏమైనా ఇబ్బందా?" అని అడిగింది. లేదని చెప్పాను. ఆ సీటు ఆ అమ్మాయికే వెళ్లింది.

మా గుంటూరు ఆవిడ అమ్మాయికి రెన్యువల్ రాలేదు. ఆ ఏడు కమ్యూనిటీ కాలేజీలో రెండు క్లాసులు మాత్రం తీసుకుంది. డైరెక్టర్ ఆ పిల్లని పిలిపించి ఏదో మాట్లాడిందని విన్నాను. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు, అడిగే మొహం నాకూ లేదు.

శనివారం గుడికి వెళ్లాను. ఆవిడ తన పీట తీసుకెళ్లి అవతలి గోడ దగ్గర వేసుకుంది. నేనే దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాను.

"మనవాళ్లయి ఉండి ఇట్లా చేస్తావనుకోలేదక్కా" అంది తలెత్తకుండా. తర్వాత కత్తిపీట పక్కన పెట్టి, మొదటిసారి నా కళ్లలోకి చూసింది. "ఒక్కటి గుర్తుపెట్టుకో. నేనే చేశానని అందరి ముందూ చెప్పాను. నేను అబద్ధం ఆడలేదు. ఆడింది నువ్వు."

నిజమే. ఆవిడ ఏదీ దాచలేదు. తను చేసింది తప్పని ఆవిడకి తెలియదు, తెలిసినదాన్ని నేను. ఆ మాటలోంచి తేరుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. కొన్ని శనివారాలు గుడికి వెళ్లడమే మానేశాను.

ఏడాది గడిచింది. ఒకరోజు డైరెక్టర్ నా బల్ల దగ్గరికి వచ్చి ఒక ఫైలు పెట్టింది. గుంటూరు ఆవిడ కూతురిదే, మళ్లీ చేరడానికి, మళ్లీ గ్రాంట్‌కి అప్లికేషన్. "స్టాంప్ నాది. ఫోన్ చేసి కనుక్కోవడం నీది. వాళ్లేం చెబితే అది నాకు వచ్చి చెప్పు" అంది.

ఫారం తెరిచాను. లెటర్‌హెడ్ లేదు. డర్హమ్‌లో అదే పేట, అదే వరండా ఇంటి ఫోన్ నంబర్. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు పెరిగారట, రెండో కారు కావాల్సి వచ్చిందట. మందుల షాపు పని లేని రోజుల్లో వెళ్లిందట మా పిల్ల.

ఫోన్ చేశాను. నాకు ఐస్ టీ ఇచ్చిన ఆవిడే ఎత్తింది. అడగాల్సినవన్నీ అడిగాను. తనే వచ్చేదా? వచ్చేది. ప్రతిసారీ? జ్వరం వచ్చిన ఒక్క వారం తప్ప. ఎవరినైనా తన బదులు పంపేదా?

"బదులు ఎవరూ రాలేదు. వాళ్లమ్మ మాత్రం ఎప్పుడూ తోడొస్తుంది" అంది. "పిల్లని తెలియని పేటకి ఒక్కదాన్నే పంపదట. వెనక సీట్లో మా మధ్య కూర్చుంటుంది. మాకు ఉప్పు పడదని తెలుసుకుని ఉప్పు లేకుండా ఏవేవో వండుకొస్తుంది. నీతో అంటున్నా గానీ, అసలు రుచి ఉండదు. తింటాం. మేం దిగేటప్పుడు చెప్పులు సర్దిపెడుతుంది. ఆవిడ గంటలు కూడా రాసిస్తాం అంటే చేతులు ఊపేసింది. వద్దంది."

ఫోన్ పెట్టేశాను. పక్క బల్ల ఆయన వేరుశెనక్కాయలు ఇవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు.

డైరెక్టర్ గదిలోకి వెళ్లాను. ఆవిడ బూట్లు బల్ల కింద ఉన్నాయి. "ఏమంటున్నారు?" అని అడిగింది. ఉప్పు లేని వంట దగ్గర నుంచి చెప్పుల దాకా ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాను. ఆవిడ స్టాంప్ తీసి, వేయకుండా చేతిలో పట్టుకుంది.

"మరి ఆ అమ్మ గంటలు ఎవరి పేరు మీద రాయమంది?"

"ఎవరి పేరు మీదా వద్దందట" అన్నాను.